పేలకూడని తుపాకికి ఏ లోహం మేలు?

1971 ఆగస్టు 27న ‘మోసగాళ్లకు మోసగాడు’ విడుదలైంది. ఆరుద్ర కథ, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం. తెనాలి పక్కన బుర్రిపాలెంలో పుట్టిన కృష్ణ అంచుల టోపీ పెట్టుకుని, నడుముకు తోలు పటకా కట్టుకుని, రాజస్థాన్ ఎడారిలో గుర్రం దౌడు తీయించాడు. మన దేశంలో తొలి కౌబాయ్ చిత్రమని దానికి పేరు. తెనాలి నుంచి రేపల్లె దాకా, ఇటు పొన్నూరు, కాకుమాను, బాపట్ల దాకా ఆ తరం కుర్రాళ్లకు కృష్ణ సొంత ఊరివాడు. అతని నడుముకు వేలాడిన రివాల్వర్ మీద కూడా వాళ్లకు అంతే మమకారం. కౌబాయ్ అనగానే కళ్లముందుకొచ్చే రివాల్వర్ 1873 నాటి కోల్ట్ కంపెనీ ‘పీస్‌మేకర్’. ప్రపంచమంతటా సేకరణదారుల అద్దాల బీరువాల్లో ఎక్కువగా కనిపించే నమూనాల్లో అదొకటి.

ఆ బీరువాలోని వస్తువు అసలుది కాదు. చూపుకు అసలుదే. చేతిలోకి తీసుకుంటే బరువుంటుంది, లోహపు చల్లదనం తగులుతుంది, గుర్రం అనే మీట వెనక్కి లాగితే టక్కుమంటుంది, తూటాల చక్రం తిరుగుతుంది. కానీ అది ఎన్నటికీ పేలదు, పేలకూడదు కూడా. ఇలాంటి వాటిని మన దగ్గర సినిమా వాళ్లు డమ్మీ అంటారు, సేకరించేవాళ్లు రెప్లికా అనో మోడల్ గన్ అనో అంటారు. దాన్ని దేనితో చేస్తారు, దేనితో చేయాలి అన్నదే ఈ వ్యాసం విషయం. వినడానికి చిన్న ప్రశ్న. లోపలికి వెళ్లేకొద్దీ లోహశాస్త్రం, వడ్రంగం, చట్టం, నాటకరంగం, బీదరు పనితనం, అన్నీ అందులో కలిసి వస్తాయి. నేను చెప్పదలచింది ముందే చెప్పేస్తాను. నమూనా తుపాకికి మంచి పదార్థమంటే అసలుదానికి అన్నిటికన్నా దగ్గరగా ఉండేది కాదు. చేతికి అసలుదే అనిపించి, నిప్పు దగ్గర మాత్రం ఓడిపోయేది మంచి పదార్థం. దాని బలహీనతే దాని యోగ్యత.

నకలు తుపాకి మనకు విదేశీ వ్యసనమేమీ కాదు. పిట్టలదొర వేషం చూసినవాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు. తుపాకి రాముడని కూడా పిలుస్తారు. పాత ఖాకీ కోటు, తలమీద దొర టోపీ, భుజాన కట్టె తుపాకి. వీధి మధ్యలో నిలబడి తన ఆస్తుల గురించి, వేటల గురించి, దొరతనం గురించి కోతల మీద కోతలు కోస్తాడు. ఆ వేషానికి ప్రాణం ఆ కట్టె తుపాకే. తెల్లదొరల కాలంలో నిజమైన తుపాకి సామాన్యుడి చేతికి అందనిది. అందుకే కర్రతో చెక్కి భుజాన వేసుకున్న ఆ బొమ్మ అధికారాన్ని వెక్కిరించే పరికరమైంది. అది అచ్చం తుపాకిలా ఉండాల్సిన అవసరం లేదు, ఉండకపోవడమే మేలు. జనం దాన్ని చూసి భయపడకూడదు, నవ్వాలి. కర్ర ఆ పనిని చక్కగా చేసిపెడుతుంది.

రంగస్థలం అవసరం వేరు. తెనాలి రామవిలాస సభ రోజుల నుంచీ ఈ ప్రాంతం పద్యనాటకానికి పుట్టిల్లు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు ఆ సభలోనే వెలిగాడు. పద్యనాటకంలో భీముడి గద, అర్జునుడి విల్లు, కృష్ణుడి చక్రం, ఇవన్నీ నమూనా ఆయుధాలే. అట్ట, వెదురు, గుడ్డ, కాగితపు గుజ్జు, మీద బంగారు కాగితం. దూరం నుంచి చూసే ప్రేక్షకుడికి మెరుపు చాలు. రాగం తీస్తూ ఓ చేత్తో గద ఎత్తి పట్టుకోవాల్సిన నటుడికి మాత్రం అది తేలిగ్గా ఉండి తీరాలి. సేకరణదారుడికి కావలసింది దీనికి పూర్తిగా ఎదురు. అతను రెండంగుళాల దూరం నుంచి చూస్తాడు, చేత్తో తూచి చూస్తాడు. కాబట్టి నాటకాల పదార్థాలు అతనికి పనికిరావు. సినిమా ఈ రెండింటికీ మధ్య ఉంటుంది. కథానాయకుడి దగ్గరి షాట్‌కు లోహపు నమూనా, దూరంగా పరుగెత్తే గుంపుకు ఫైబర్ గ్లాసు బొమ్మ, కిందపడి దొర్లే ఫైటర్ చేతికి రబ్బరు తుపాకి. ఒకే సన్నివేశంలో ఒకే ఆయుధం మూడు పదార్థాల్లో కనిపించవచ్చు. కృష్ణ నూరో చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ 1974లో వచ్చింది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి తుపాకులు పట్టుకుపోయిన వీరుడి కథ అది. అలాంటి కథకు ఒకటి రెండు కాదు, గుంపుకు సరిపడా తుపాకులు కావాలి. అన్నీ లోహంతో చేయించడం ఏ నిర్మాతకూ సాధ్యం కాదు, అవసరమూ కాదు.

ఇక పండగ తుపాకులు. దీపావళికి రేకు తుపాకి, అందులో ఎర్ర రీలు, నొక్కితే టప్. ఆ రేకు తరవాత ప్లాస్టిక్ వచ్చింది. బస్తరులోని జగదల్‌పూర్‌లో రథయాత్ర సమయంలో గోంచా పండగ చేస్తారు. అక్కడ వెదురు గొట్టంతో చేసిన ‘తుప్కి’లో అడవికాయలు కూరి ఒకరిమీద ఒకరు ప్రేమగా పేల్చుకుంటారు. కాకతీయుల వారసులమని చెప్పుకున్న రాజవంశం ఏలిన నేల అది. గొట్టం, దాని వెనక ఒత్తిడి, ముందుకు దూకే గింజ. తుపాకి యంత్రసూత్రం అంతా ఆ వెదురులోనే ఉంది, ప్రమాదం మాత్రం లేదు.

కర్ర దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఎందుకంటే పాతకాలపు తుపాకుల్లో సగం వస్తువు కర్రే. అసలు తుపాకి మడమకు ప్రపంచమంతా మెచ్చే కర్ర అక్రోటు. కశ్మీరు అక్రోటును తుపాకుల పరిశ్రమ దశాబ్దాలుగా వాడుతోంది. తూటా పేలిన ప్రతిసారీ మడమ భుజానికి తన్నుతుంది. ఆ దెబ్బకు పగలకుండా, తేమకు మెలితిరగకుండా ఉండే గుణం అక్రోటులో ఉంది. నమూనాకు ఆ దెబ్బ తినే పనే లేదు కాబట్టి కర్ర ఎంపికలో స్వేచ్ఛ ఎక్కువ. ఐరోపా కంపెనీలు చవకైన బీచ్ కర్రకు రంగుపూసి అక్రోటులా కనిపించేట్టు చేస్తాయి. మన దగ్గర టేకు ఉంది. నునుపు వస్తుంది, చెదలు పట్టదు, నూనె పట్టిస్తే పాత తుపాకి మడమ రంగు దానంతటదే తేలుతుంది. పనిముట్ల పిడులకు మన వడ్రంగులు తరతరాలుగా నమ్మిన నల్లతుమ్మ ఇంకా గట్టిది, బరువైనది. కానీ దాన్ని సన్నగా చెక్కి నగిషీ పెట్టడం కష్టం.

కొండపల్లి బొమ్మల తెల్లపొణికి ఇక్కడ పనికిరాదు. చేత్తో గీరితే గీత పడేంత మెత్తన, దూదిలా తేలిక. నిర్మల్ బొమ్మలకూ అదే వాడతారు. ఏనుగు అంబారీకి, దశావతారాలకు అది బంగారం లాంటి కర్ర. కానీ బరువే ప్రాణమైన వస్తువును దానితో చేస్తే చేతిలోకి తీసుకున్న క్షణంలోనే గుట్టు తెలిసిపోతుంది. ఏటికొప్పాక అంకుడు కర్ర సంగతి వేరు. అది లేత్ మీద తిరిగే కర్ర, లక్క రంగు పట్టించుకునే కర్ర. తుపాకి గొట్టం గుండ్రనిది కాబట్టి లేత్ పనివాడికి అది సహజమైన రూపం. పదిహేడో శతాబ్దపు వత్తి తుపాకుల నమూనాను ఏటికొప్పాక పద్ధతిలో చేస్తే చాలా అందంగా ఉంటుందని నా నమ్మకం. నిజాంపట్నం రేవుకు, అంటే పాత పెటపోలికి, 1606లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లిషు ఓడ ‘గ్లోబ్’ వచ్చాయి. ఆ వర్తకుల చేతుల్లో ఉన్న ఆయుధాలు అలాంటివే. రేపల్లె తీరాన్ని ప్రపంచ వర్తకంతో కలిపిన ఆ చరిత్రను ఓ చిన్న నమూనాతో పిల్లలకు చూపించవచ్చు. ఇక్కడ ఓ తేడా చెప్పాలి. ఎన్.సి.సి.లో కవాతు నేర్చుకున్నవాళ్లకు డి.పి. రైఫిల్ తెలిసే ఉంటుంది. అది అసలు రైఫిలే, పేలే శక్తిని తీసేసి కవాతుకు మాత్రమే మిగిల్చింది. దాన్ని నమూనా అనలేం. నేను మాట్లాడుతున్నది పుట్టుకతోనే పేలలేని వాటి గురించి.

ఇప్పుడు ఉక్కు దగ్గరికి వద్దాం. అసలు తుపాకి ఉక్కుతో ఎందుకు ఉంటుందో అర్థమైతేనే నకలు ఎందుకు ఉక్కుతో ఉండకూడదో అర్థమవుతుంది. తెలుగు నేలకు ఉక్కు కొత్తది కాదు. నిర్మల్, నిజామాబాదు ప్రాంతంలోని కోనసముద్రంలో మూసలో కరిగించి తీసిన ఉక్కు పశ్చిమాసియా దాకా కత్తుల తయారీకి వెళ్లేది. హెన్రీ వాయ్సీ 1820ల్లో అక్కడికి వెళ్లి ఆ పద్ధతి చూసి రాసిన వివరణ 1832లో అచ్చయింది. హైదరాబాదులో ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో ఫిరంగుల పోతకు కట్టించిన తోప్ కా సాంచా పేరు మీదే ఇవాళ్టికీ గన్‌ఫౌండ్రీ బస్తీ ఉంది. ఆ కాలంలో ఫిరంగి పోతకు కంచుకు మంచి పేరు. అది పగిలే ముందు ఉబ్బుతుంది, పోత ఇనుము హెచ్చరిక లేకుండా ముక్కలవుతుంది. అందుకే ఖరీదైనా కంచునే ఇష్టపడేవారు. మందు పేలినప్పుడు గొట్టంలో పుట్టే ఒత్తిడిని తట్టుకోవడమే ఆ లోహాల పని.

నమూనాకు సరిగ్గా ఆ గుణమే ఉండకూడదు. ఉక్కు గొట్టంతో, ఉక్కు గదితో నమూనా చేస్తే అది నమూనాగానే మిగులుతుందన్న భరోసా లేదు. చెడ్డ ఉద్దేశం ఉన్నవాడి చేతికి అందితే దాన్ని మార్చే ప్రయత్నం జరుగుతుంది. మన ఆయుధాల చట్టం 1959, ఆరో సెక్షన్ ఈ భయాన్నే గుర్తించింది. నకలు తుపాకిని లైసెన్సు లేకుండా పేలే తుపాకిగా మార్చడం నేరమని అది చెబుతుంది. కానీ చట్టం నేరం జరిగాక పనిచేస్తుంది. పదార్థం ముందే అడ్డుకుంటుంది. మంచి తయారీదారుకు ఈ తేడా తెలుసు.

ఇక్కడే జింకు రంగంలోకి వస్తుంది. నేటి నమూనా తుపాకుల్లో అధికభాగం జింకు మిశ్రమంతో పోతపోసినవే. ఆ మిశ్రమం పేరు జమాక్. అమెరికాలోని న్యూజెర్సీ జింక్ కంపెనీ 1929లో దాన్ని రూపొందించింది. దాదాపు నాలుగు శాతం అల్యూమినియం, చిటికెడు మెగ్నీషియం, కొన్ని రకాల్లో ఒక శాతం దాకా రాగి, మిగిలిందంతా జింకు. స్పెయిన్‌కు చెందిన మెనోర్కా ద్వీపంలోని డెనిక్స్ కంపెనీ 1960ల నుంచి ఈ మిశ్రమంతోనూ కర్రతోనూ పాతకాలపు తుపాకుల నమూనాలు చేస్తోంది. కౌబాయ్ రివాల్వర్ నుంచి సముద్రపు దొంగల పిస్తోలు దాకా ఆ కంపెనీ జాబితాలో ఉంటాయి.

జింకునే ఎందుకు ఎంచుకున్నారు? మొదటి కారణం బరువు. ఉక్కు సాంద్రత దాదాపు 7.85. జమాక్‌ది 6.6 పైచిలుకు. అంటే అసలు తుపాకి బరువులో ఎనభై అయిదు శాతం దగ్గర వస్తుంది. అదే అల్యూమినియం అయితే 2.7, ప్లాస్టిక్ అయితే ఒకటికి కాస్త ఎక్కువ. కిలో తూగే రివాల్వర్ నమూనా అల్యూమినియంతో చేస్తే మూడోవంతుకు పడిపోతుంది. రెండో కారణం వేడి. జమాక్ 380 డిగ్రీలు దాటగానే కరుగుతుంది, ఉక్కుకు 1,500 దగ్గర కావాలి. తక్కువ వేడి కాబట్టి ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో పోసి వేలాది ముక్కలు తీయవచ్చు, అచ్చు పాడవదు. అచ్చులో చెక్కిన సన్నని గీత కూడా ముక్క మీద తేలుతుంది. తుపాకి మీది చిన్న అక్షరాలు, స్క్రూ తలల గాట్లు, పిడి మీది గళ్లు, అన్నీ ఒక్క పోతతో వస్తాయి. మూడో కారణం స్పర్శ. జింకు వేడిని ఉక్కు కన్నా వేగంగా గుంజుకుంటుంది కాబట్టి చేతికి చల్లగా తగులుతుంది. ఈ చల్లదనం ప్లాస్టిక్‌కు ఎన్ని రంగులు పూసినా రాదు.

నాలుగో కారణమే నాకు అన్నిటికన్నా ముఖ్యం. జమాక్ వేడి తట్టుకోలేదు. వంద డిగ్రీలు దాటేసరికే దాని బలం బాగా తగ్గిపోతుంది. మందు పేలుడు వేడికీ ఒత్తిడికీ అది నిలబడదు. మంచి తయారీదారు అక్కడితో ఆగడు. గొట్టాన్ని లోపల మూసేస్తాడు, తూటా పట్టే గదులు అసలు కొలతల్లో ఉండకుండా చూస్తాడు. అలంకారానికి ఇచ్చే తూటాలు కూడా మందు లేని ఉత్త బిళ్లలు. ఇలా లోహం, ఆకారం రెండూ కలిసి ఒకే మాట చెప్పాలి. ఒకటి ఒకలా, మరొకటి మరోలా చెబితే ఆ నమూనా నాసిరకం అని నేను అంటాను.

దక్కన్‌లో పెరిగినవాళ్లకు జింకు పోత అనగానే బీదరు గుర్తుకు రావాలి. ఆ న్యూజెర్సీ కంపెనీ పుట్టడానికి చాలా ముందే బీదరులో జింకుకు కాస్త రాగి కలిపి, ఇసుక అచ్చుల్లో పోసి, హుక్కాలు, కూజాలు, పళ్లేలు చేసేవారు. పదహారు పాళ్ల జింకుకు ఒక పాలు రాగి అని పనివాళ్ల లెక్క. పోత పోశాక ఉలితో గాట్లు పెట్టి వెండి తీగ కూర్చి, చివరికి బీదరు కోట మట్టిని నవాసాగరంతో కలిపి రుద్దుతారు. జింకు కాటుకలా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మిగులుతుంది. ఈ విద్య హైదరాబాదులోనూ స్థిరపడింది. దీన్ని ఇక్కడ ఎందుకు తెచ్చానంటే, నమూనా తుపాకి తయారీదారుకు నేటికీ పెద్ద తలనొప్పి నల్లరంగే. అసలు తుపాకి ఉక్కు మీద ఉండే నీలినలుపు ఆ లోహపు ఉపరితలమే రసాయనాలతో మారి ఏర్పడిన పొర. జింకుకు ఆ పద్ధతి అంటదు. అందుకే చాలా నమూనాలకు మామూలు పెయింటు కొడతారు, లేదా నికెల్, రాగి పూత వేస్తారు. ఏడాది తిరిగేసరికి అంచుల దగ్గర రంగు ఊడి తెల్లలోహం బయటపడుతుంది. బీదరు పనివాళ్లు జింకునే నల్లబరిచే పద్ధతిని శతాబ్దాలుగా చేతిలో పెట్టుకుని కూర్చున్నారు. దాన్ని నమూనాల తయారీకి అన్వయించి చూడాలన్న ఆలోచన నాకు చాలా బలంగా ఉంది. రాజస్థాన్‌లోని జావర్‌లో మధ్యయుగాల్లోనే పెద్ద ఎత్తున జింకును బట్టీపట్టి తీశారు. విశాఖపట్నంలో హిందుస్థాన్ జింక్ కరిగింపు కర్మాగారం 1977 నుంచి 2012లో మూతపడే దాకా పనిచేసింది. అంటే ఈ లోహం గురించి మనకు జ్ఞానానికి ఎప్పుడూ కొదవ లేదు.

జింకుకు ఓ రోగం కూడా ఉంది. మిశ్రమంలో సీసం, తగరం లాంటివి కాస్త ఎక్కువ కలిస్తే కొన్నేళ్లకు లోపలి రేణువుల అంచుల్లో తుప్పు పాకుతుంది. వస్తువు ఉబ్బుతుంది, పగుళ్లిస్తుంది, చివరికి బిస్కత్తులా పొడి అయిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఇంగ్లండులో వచ్చిన డింకీ కార్లు, హార్న్‌బీ రైళ్లు చాలావరకు ఈ రోగంతోనే పోయాయి. జమాక్ పుట్టుకకు కారణమే ఇది. 99.99 శాతం శుద్ధమైన జింకు తప్ప వాడరాదని ఆ కంపెనీ తేల్చింది. తేమ, వేడి రెండూ ఉన్న చోట ఈ రోగం ముదురుతుంది. సూర్యలంక సముద్రపు గాలి తగిలే బాపట్ల ప్రాంతంలో ఈ సంగతి పట్టించుకోకుండా ఉండలేం. పాత ఇత్తడి, సీసం, తగరం కలిసిన తుక్కును కరిగించి చవకగా పోసిన బొమ్మ ఇక్కడ ఎక్కువ కాలం నిలవదు. సీసం కలిసిన పాత నమూనాలను పిల్లల చేతికి ఇవ్వకూడదని కూడా గుర్తుపెట్టుకోవాలి. ముట్టుకున్నాక చేతులు కడుక్కోవాలి. కొత్త ప్లైవుడ్ అల్మారాల్లో మూసిపెడితే కర్ర నుంచి వచ్చే ఆమ్ల ఆవిరి జింకునూ సీసాన్నీ తినేస్తుంది. గాలాడే గాజు బీరువా, తేమ పీల్చే సిలికా పొట్లం, అప్పుడప్పుడు సన్నని నూనె తుడుపు చాలు.

పదార్థాన్ని కళ కన్నా చట్టం ఎక్కువ మార్చిందనడానికి జపాన్ మంచి ఉదాహరణ. అక్కడ పౌరుల చేతిలో తుపాకి దాదాపు నిషిద్ధం. 1958 నుంచి కఠిన చట్టం ఉంది. అందుకే 1960ల్లో ఎం.జి.సి. లాంటి కంపెనీలు జింకు మిశ్రమంతో అచ్చం అసలులా పనిచేసే నమూనాలు చేసి అమ్మాయి. లోపలి భాగాలన్నీ కదిలేవి, చిన్న టపాసు బిళ్లలతో శబ్దం కూడా వచ్చేది. కొందరు వాటిని అసలు ఆయుధాలుగా మార్చారు, కొందరు వాటిని చూపించి బెదిరించారు. 1971లో చట్టం సవరించారు. లోహపు పిస్తోలు నమూనాల గొట్టం మూసేయాలి, తెలుపు గానీ పసుపు గానీ రంగు వేయాలి. 1977లో నిర్మాణం మీద ఇంకా కఠినమైన ఆంక్షలు వచ్చాయి. నల్లని లోహపు పిస్తోలు జపాన్ బజారులోంచి మాయమైంది. బంగారు రంగు పిస్తోలు చేతికి లోహమే అయినా కంటికి బొమ్మ. అప్పుడు తయారీదారులు ప్లాస్టిక్ వైపు తిరిగారు. చట్టం లోహాన్ని పట్టుకుంది కాబట్టి నల్లరంగు ప్లాస్టిక్‌కు దారి దొరికింది.

ఆ ప్లాస్టిక్ పేరు ఎ.బి.ఎస్. గట్టిది, అచ్చులో గీత బాగా తేలుతుంది, దాదాపు నూరు డిగ్రీల దాకా ఆకారం చెడదు. లోపం బరువు. దాన్ని సరిచేయడానికి ప్లాస్టిక్‌లో లోహపు పొడి కలిపి పోసే పద్ధతి జపాన్‌లోనే పుట్టింది. అలా చేసిన పదార్థాన్ని హెవీ వెయిట్ అంటారు. చేతికి బరువుగా, కాస్త చల్లగా ఉంటుంది, మీద రుద్దితే లోహంలాంటి మెరుపు కూడా తేలుతుంది. మారుషిన్ లాంటి కంపెనీలు ఈ పదార్థంతో నమూనాలు చేశాయి. కాకపోతే పొడి ఎక్కువయ్యేకొద్దీ అది పెళుసుబారుతుంది, కిందపడితే విరుగుతుంది. పదార్థం బలం తగ్గడం ఇక్కడ కూడా మేలే. నా దృష్టిలో ఇరవయ్యో శతాబ్దపు బొమ్మల పరిశ్రమ చేసిన తెలివైన పనుల్లో ఇదొకటి.

అమెరికా, బ్రిటన్ చట్టాలు లోహాన్ని వదిలి రంగును, కాలాన్ని పట్టుకున్నాయి. అమెరికా 1988లో చేసిన చట్టం ప్రకారం బొమ్మ తుపాకి గొట్టం చివర నారింజరంగు బిరడా ఉండాలి. కానీ 1898కి ముందు రూపొందిన తుపాకుల పేలని సేకరణ నమూనాలకు మినహాయింపు ఉంది. కౌబాయ్ రివాల్వర్ నమూనాలు అక్కడ అంత విరివిగా ఉండటానికి ఈ తేదీ కూడా ఓ కారణం. 1873 నాటి ఆ రివాల్వర్ ఆ గీతకు ఇవతలే ఉంది. బ్రిటన్ 2006లో చేసిన చట్టం మరీ కఠినం. అసలులా కనిపించే ఆధునిక తుపాకుల నకళ్లు అమ్మడానికి వీల్లేదు. సినిమా, నాటకం, మ్యూజియం, చారిత్రక ప్రదర్శనలకు మినహాయింపు. 1870కి ముందు నమూనాలు ఆ నిషేధం పరిధిలోకి రావు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ లాంటి బొమ్మ రంగుల్లో ఉంటే పర్వాలేదు. ఈ తేదీలను గమనించిన సేకరణదారుడికి ఓ విషయం అర్థమవుతుంది. పాత ఆయుధం చరిత్ర అవుతుంది, కొత్త ఆయుధం భయం అవుతుంది. నమూనా చేసేవాడు ఏ కాలపు ఆయుధాన్ని ఎంచుకున్నాడన్నది ఏ లోహం వాడాడన్నంత బరువైన నిర్ణయం. మన దేశంలో విమానం క్యాబిన్‌లోకి నకలు తుపాకిని తీసుకెళ్లనివ్వరు. పండగకు ఊరికి వచ్చేవాళ్లు దీన్ని మరచిపోకూడదు.

ఇటీవలి పదార్థాల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అవి ఇంకా కుదురుకోలేదు. సిలికాన్ రబ్బరు అచ్చులో రెజిన్ పోసి, అందులో కంచు పొడి కలిపి తీసే పద్ధతి పదీ ఇరవై ముక్కలకు బాగుంటుంది. ఫైబర్ గ్లాసు విగ్రహాలు చేసేవాళ్లు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు, వాళ్లకు ఇది కొత్త పని కాదు. త్రీడీ ప్రింటర్‌తో తీసే వస్తువులకు ఎక్కువగా పి.ఎల్.ఎ. అనే ప్లాస్టిక్ వాడతారు. అది 60 డిగ్రీలకు మెత్తబడుతుంది. రెంటచింతల ఎండలో తలుపులు మూసిన కారులో పెడితే సాయంత్రానికి వంగిపోతుంది. ప్రదర్శనకు చేసే బొమ్మకు పి.ఎల్.ఎ. సరిపోతుంది, మన వేసవికి మాత్రం సరిపోదు.

తెనాలికి తిరిగొద్దాం. తుక్కు ఇనుముతో విగ్రహాలు చేసే సూర్య శిల్పశాల ఇక్కడే ఉంది. కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కుమారుడు రవిచంద్ర వాహనాల పాత నట్లు, బోల్టులు, గొలుసులు, పళ్ల చక్రాలను వెల్డింగ్ చేసి నిలువెత్తు బొమ్మలు నిలబెడతారు. 2021లో వాళ్లు చేసిన 14 అడుగుల ప్రధాని విగ్రహం దేశమంతా వార్తయింది. పోత లేదు, అచ్చు లేదు. ప్రతి ముక్కా మునుపు మరో యంత్రంలో పనిచేసిందే. దూరం నుంచి రూపం, దగ్గరికొస్తే నట్లూ బోల్టులూ. ఇది నమూనా తయారీకి మరో దారి చూపిస్తుంది. అచ్చం అసలులా ఉండాలన్న పట్టుదల వదిలి, ఇది నకలేనని ఒళ్లంతా చెప్పే వస్తువు చేయవచ్చు. ఉక్కు వాడినా భయం లేదు, ఎందుకంటే అందులో గొట్టం గొట్టంలా లేదు, గది గదిలా లేదు. అది శిల్పం. బొబ్బిలి కోట మీద 1757 జనవరిలో పేలిన ఫ్రెంచి ఫిరంగిని ఇలా తుక్కు ఇనుముతో నిలబెడితే, అచ్చుపోసిన బొమ్మ కన్నా బలంగా ఆ రోజు విషాదాన్ని చెబుతుందని నా అభిప్రాయం.

అయితే బీరువాలో పెట్టుకునే చిన్న నమూనా కావాలంటే తుక్కు సరిపోదు. జింకు ఒత్తిడి పోతకు ఉక్కు అచ్చు చేయించాలి, ఆ అచ్చు ఖర్చు వేల ముక్కల మీద పంచుకుంటే తప్ప గిట్టదు. మన ప్రాంతంలో అంత కొనుగోలు లేదు. అందువల్ల ఇక్కడి చేతికి తగ్గ కూర్పు నాకు ఇలా తోస్తుంది. మడమకు, పిడికి టేకు. గొట్టానికి ఏటికొప్పాక తరహాలో లేత్ తిప్పిన అంకుడు, లోపల తొలవకుండా గట్టిగానే ఉంచాలి, మీద నల్ల లక్క. మీటకు, పట్టీలకు, నగిషీలకు పెంబర్తి, బుడితి పనివాళ్లకు చేయి తిరిగిన ఇత్తడి. బరువు కోసం పిడి లోపల ఓ శుద్ధ జింకు దిమ్మె. ఎంచుకునే ఆయుధం పాతదై ఉండాలి, మన చరిత్రదై ఉండాలి. నిజాంపట్నం వర్తకుడి వత్తి తుపాకో, మన్యంలో అల్లూరి మనుషుల చేతికి చిక్కిన పోలీసు రైఫిలో. కింద చిన్న చెక్క పలక మీద దాని పేరు, కాలం, పదార్థాలు రాయాలి, ఇది పేలదని కూడా రాయాలి. కొనేవాడు చూడాల్సింది ముందు ఆ పలక. తరవాత గొట్టం చివర ఓ పుల్ల పెట్టి చూడాలి, అది లోపలికి పోకపోతేనే వస్తువు కొనాలి.